అద్దె తగ్గింది, ఆరోగ్యం మాటేమిటి?

“ఊరి చివరికి వెళ్లండి, అద్దె సగమే” అన్న సలహా హైదరాబాదులో ఎవరినడిగినా దొరుకుతుంది. ఆ సగం అద్దెకు శరీరం చెల్లించే మూల్యాన్ని మాత్రం ఎవరూ లెక్కించరు.

పనికి వెళ్లడానికి గంటన్నర, తిరిగి రావడానికి గంటన్నర పట్టే మనిషిని తీసుకోండి. నెలకు 25 పనిదినాల చొప్పున ఏడాదికి 900 గంటలు, అంటే 37 రోజులకు పైగా దారిలోనే గడిచిపోతాయి. ఆ కాలం మొదట నిద్రలోంచి, తరువాత వంటలోంచి, చివరకు నడకలోంచి తరిగిపోతుంది. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు మూడు గంటలు బస్సుల్లో గడిపే రక్తపోటు రోగికి “నడవండి” అని మందుచీటీ మీద రాయడం పరిహాసమే. దారిలో మరుగుదొడ్డి దొరకదని నీళ్లు తాగడం తగ్గించుకునే స్త్రీలకు మూత్రనాళ ఇన్ఫెక్షన్లు వస్తే తప్పు వారిదా?

“స్కూటరు కొనుక్కుంటే సరి” అంటారు. మిగిలిన అద్దె వాయిదాలకూ పెట్రోలుకూ పోతుంది. లారీల నడుమ ప్రయాణించే ప్రమాదం అదనం. ఇక కారు అంటారా, అది కొనగలిగినవారు చవక ఇల్లు వెదుక్కుంటూ అంత దూరం ఎందుకు వెళతారు?

ప్రభుత్వాల ఆలోచన కూడా ఇలాగే ఉంది. 2023లో నగర పేదల కోసం కొల్లూరులో 15,660 రెండు పడకగదుల ఇళ్లు ప్రారంభించారు. సొంత గూడు గొప్ప వరమే, కాదనను. అయితే ఇళ్లలో పనిచేసే స్త్రీకి, అడ్డా కూలీకి బతుకుతెరువు నగరం నడిబొడ్డునే ఉండిపోయింది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన మహాలక్ష్మి పథకం స్త్రీలకు బస్సు టికెట్టు ఖర్చు తప్పించింది. ప్రయాణ కాలాన్ని తగ్గించలేదు.

మెట్రో స్టేషన్లకు, బస్సు డిపోలకు నడిచే దూరంలో ఉన్న ప్రభుత్వ స్థలాల్లో తక్కువ అద్దె ఇళ్లు కట్టాలి. దూరాన కట్టక తప్పకపోతే, తాళం చేతికిచ్చే రోజుకే అక్కడ బస్సులు, బస్తీ దవాఖానా, బడి సిద్ధంగా ఉండాలి. ఓటు అడగడానికి వచ్చినవారిని ఈ మాట నిలదీయండి.

మీరు ఇల్లు మారబోతుంటే, అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక సోమవారం ఉదయం అక్కడి నుంచి మీ పనిచోటికి బస్సులో వెళ్లి చూడండి. ప్రయాణ ఖర్చును అద్దెకు కలపండి. లెక్క దగ్గరదగ్గరగా తేలితే, దూరాన ఉన్న రెండు గదులకన్నా దగ్గరున్న ఒక్క గదినే ఎంచుకోండి.