మృదంగం మోగింది, పేరు మోగలేదు

పాత కచేరీ రికార్డుల్లో పాల్ఘాట్ మణి అయ్యర్ మృదంగం ఇప్పటికీ వినిపిస్తుంది. 1966లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. ఆయనకు మృదంగాలు తయారుచేసిన పర్లాండు తంజావూరు దళిత క్రైస్తవ కుటుంబానికి చెందినవారు. ఆవు, మేక, గేదె తోళ్లు కోసి, బిగించి, నాదం కుదిర్చే పని అది. తోలు ముట్టినవారిని అంటరానివారన్న సమాజమే ఆ నాదాన్ని పవిత్రమంది.

ఈ తయారీదారుల చరిత్రను టి.ఎం. కృష్ణ ‘సెబాస్టియన్ అండ్ సన్స్’గా రాస్తే, 2020లో ఆవిష్కరణ సభకు ఇచ్చిన అనుమతిని కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. పేరు చెప్పడమే రాజకీయమైంది.

ఆర్కైవ్ అంటే టేపులు దాచడమే కాదు. గాయకులు, రాగం, తాళం పక్కన వాయిద్యం ఎవరు చేశారో కూడా రాయాలి. ఆ కుటుంబాల పెద్దల మాటలు ఇప్పుడే రికార్డు చేయాలి. ఇది దయ కాదు, రావలసిన వాటా.