బగ్ ఎవరిది, నష్టం ఎవరిది?

2024 జులై 19న హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు కనిపించాయి. సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక అప్‌డేట్ దెబ్బకు ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలిన రోజది. ఇలాంటిది జరిగితే సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో మొదటి ప్రశ్న, టెస్టింగ్ వాళ్లు ఏం చేస్తున్నారని. ఆ వెంటనే, కోడ్ మేం రాశామా అని ఎదురు ప్రశ్న. ఈ జగడంలో ఎవరు నెగ్గినా, తేల్చాల్సిన విషయం తేలదు.

ఆ సంస్థే వెల్లడించిన మూలకారణ విశ్లేషణ చదివితే సంగతి తెలుస్తుంది. ఆ అప్‌డేట్ వాడిన కొత్త నమూనాలో 21 ఇన్‌పుట్లు ఉంటాయని నిర్వచించారు. కంప్యూటర్లో నడిచే కోడ్ మాత్రం 20 ఇన్‌పుట్లే అందించింది. ఇది రాసినవారి పొరపాటే. మరి పరీక్షల్లో ఎందుకు బయటపడలేదు? 21వ గడిలో 'ఏదైనా సరే' అనే గుర్తు పెట్టి పరీక్షించారు కాబట్టి ఆ గడిని చూడాల్సిన అవసరమే రాలేదు. ఫైళ్లను తనిఖీ చేసే వ్యాలిడేటర్ కూడా 21 అందుతాయనే నమ్మింది. అంటే నిర్వచనం, పరీక్ష, వ్యాలిడేటర్ మూడూ ఒకే అపోహను పంచుకున్నాయి. ఆ ఇన్‌పుట్ అందదని టెస్టర్ ఊహించలేదని నిందించడం తేలికే. కానీ ఆ ఇన్‌పుట్ ఉందని అతనికి చెప్పిన నిర్వచనం ఎక్కడ పుట్టింది?

బాధ్యత అందరిదీ అంటే ఎవరిదీ కాదన్నట్టేనని కొందరంటారు. నిజమే, అందుకే బగ్‌నూ నష్టాన్నీ విడదీసి చూడాలి. బగ్ పుట్టడానికి జవాబుదారీ డెవలపర్. ఏది పరీక్షించారో, ఏది వదిలేశారో దాచకుండా చెప్పడం టెస్టర్ పని. ఒక లోపం 85 లక్షల కంప్యూటర్లకు ఒకేసారి పాకడం మాత్రం వీళ్లిద్దరి చేతిలో లేనిది. అది విడుదల పద్ధతిని నిర్ణయించినవారి లెక్క. దశలవారీగా పంపితే భద్రతా అప్‌డేట్లు ఆలస్యమవుతాయి, ఈలోగా దాడులు ఆగవన్న అభ్యంతరంలో బలముంది. అయితే తప్పు ఫైలును ఆ సంస్థ 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకుంది. ముందు కొద్ది కంప్యూటర్లకే పంపి ఒక్క గంట ఆగినా ప్రమాదం అక్కడే కనిపించేది. ఆ తర్వాత ఆ సంస్థ దశలవారీ విడుదలకే మళ్లింది, అభ్యంతరానికి ఇంతకన్నా వేరే జవాబు అక్కర్లేదు.

బాధ్యతను ఇలా విడదీయకపోతే ఏమవుతుందో మన ఐటీ కొలువుల్లోని 'సైన్ ఆఫ్' అనే తంతు చూపిస్తుంది. టెస్టర్ సంతకం పెడితేనే విడుదల. పెట్టనంటే విడుదల ఆగుతుందా? తేదీ క్లయింటుకు ముందే చెప్పేసి ఉంటే, ఆపే అధికారం ఆ సంతకానికి ఉండదు. గొడవొచ్చినప్పుడు చూపించడానికి మాత్రం పనికొస్తుంది.