బడి లెక్క బడి గోడ మీదే ఉండాలి

తల్లిదండ్రులారా, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సభ్యులారా!

2025లో ‘తల్లికి వందనం’ కింద ఒక్కో బిడ్డకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది 15,000 రూపాయలు. తల్లి ఖాతాలో పడింది 13,000. మిగతా 2,000 బడుల నిర్వహణకు, మరుగుదొడ్ల శుభ్రతకు అని మినహాయించారు. మంచిదే, ఆయా జీతమూ ఫినాయిలూ ఊరికే రావు. కానీ ఆ డబ్బుతో మన బడిలో ఏం జరిగిందో మనకెవరైనా చెప్పారా? కిరాణా కొట్లో ఖాతా పెట్టుకున్నా నెలాఖరుకు పద్దు చూపిస్తారు కదా.

ఇది ఈ ఒక్క పథకం సంగతే కాదు. సమగ్ర శిక్ష కింద బడికి ఏటా స్కూల్ గ్రాంటు ఉంది. నిబంధనల ప్రకారం 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి 25,000 రూపాయలు, 101 నుంచి 250 మంది ఉంటే 50,000. అందులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికే పెట్టాలి. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చిన్నాచితకా మరమ్మతులు, అన్నీ ఇందులోంచే. జూన్‌లో కావలసిన డబ్బు ఫిబ్రవరిలో వచ్చిందనుకోండి, మార్చి 31లోగా వినియోగ ధ్రువపత్రం (యూసీ) పంపాలనే హడావుడిలో బడికి అవసరమైనది కాదు, చేతికి దొరికింది కొంటారు. కాబట్టి ఎంత వచ్చిందన్నదే కాదు, ఏ తేదీన వచ్చిందన్నదీ మనం అడగాలి.

ఆడిట్ లేదా అంటే, ఉంది. ఆడిటర్ క్యాష్‌బుక్ చూస్తారు, ఓచర్లు చూస్తారు, పనుల కొలతల పుస్తకం (ఎం-బుక్) చూస్తారు. ఆర్వో ప్లాంటు కొన్నారా? బిల్లు ఉంది, స్టాక్ రిజిస్టర్లో ఎక్కింది, ఫొటో అప్‌లోడ్ అయింది. వంకపెట్టడానికేమీ లేదు. ఫిల్టర్ మార్చే దిక్కు లేక ఆ ప్లాంటు మూలపడి, పిల్లలు ఇంటి నుంచి సీసాలు మోసుకొస్తుంటే ఆ సంగతి ఏ ఓచర్లోనూ కనబడదు. మరుగుదొడ్డీ అంతే. టైల్స్ తళతళలాడతాయి, తలుపుకు గడియ ఉండదు, ట్యాంకులోకి నీళ్లెక్కవు. ఎనిమిదో తరగతి ఆడపిల్ల సాయంత్రం దాకా గొంతు తడుపుకోకుండా కూర్చుంటుంది. ఆడిట్ రిపోర్టులో అది అభ్యంతరం కింద రాదు. ఆ ఖర్చు సక్రమం అయిపోయింది!

ఖర్చుకు తగ్గ ఫలితం వచ్చిందా అని అడిగితే ఏం తేలుతుందో మన పల్లెల్లోనే చూశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 తర్వాత కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్, మరికొందరు ఆర్థికవేత్తలు లాటరీ తీసి ఎంచిన బడులకు అదనంగా గ్రాంటు ఇప్పించారు. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది గ్రాంటు వస్తుందని ముందే తెలిసి, తల్లిదండ్రులు నోటుపుస్తకాల వంటి వాటికి పెట్టే సొంత ఖర్చు తగ్గించుకున్నారు. మార్కుల్లో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. ఆ డబ్బు వృథా అయిందని కాదు, పేద ఇంటికి అంత ఊరటే. అయితే చదువు పెంచడానికి ఇచ్చిన సొమ్ము చదువు పెంచిందా అని కొలిచారు కాబట్టి ఈ సంగతి బయటపడింది. ఓచర్లు చూసుంటే రెండేళ్లూ ఒక్కలాగే కనిపించేవి. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024 ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 44.8 శాతమే. మన ఊరి బడి సంఖ్య ఎంత?

ఒక్క జాగ్రత్త. మొత్తం ఖర్చును పిల్లల సంఖ్యతో భాగించి, ‘ఇక్కడ తలకు ఖర్చు ఎక్కువ’ అని చిన్న బడిని ఎత్తేయడాన్ని మేం ఆడిట్ అనం. బడి దూరమైతే చదువు మానేసే పిల్ల కూడా ఆ లెక్కలోకి రావాలి. 2022లో జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తరలించినప్పుడు ఊళ్లలో ఎంత గొడవైందో మరచిపోలేదు.

మేం అడిగే పద్ధతి, అంటే లెక్కను ఊరి ముందు పెట్టి తనిఖీ చేయడం, కొత్తదేం కాదు. ఉపాధి హామీలో సామాజిక తనిఖీని 2006 నుంచి నడిపి దేశానికి చూపించింది తెలుగు నేలే. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ‘నీ పేరున ఇన్ని రోజులు రాశారు, పని చేశావా?’ అని అడిగారు. తేలింది ప్రజావేదికలో అందరి ముందూ చదివారు. 2012-13లో ఖమ్మం, చిత్తూరు జిల్లాల్లో మధ్యాహ్న భోజనానికీ ఇదే చేసి చూశారు. మధ్యాహ్న భోజనానికి ఇప్పటి పేరైన పీఎం పోషణ్‌లో అది అన్ని జిల్లాలకూ తప్పనిసరి. అన్నం లెక్కకు పనికొచ్చినది బెంచీల లెక్కకు, గోడల లెక్కకు పనికిరాదా? ఉపాధి తనిఖీల్లో ఒక లోటు మాత్రం మిగిలింది. పక్కదారి పట్టిందని తేల్చిన సొమ్ములో తిరిగి రాబట్టింది కొంతే. అందుకే బడి తనిఖీలో తేలిన ప్రతి అంశానికీ బాధ్యుడెవరో, గడువెంతో అక్కడికక్కడే రాయాలి.

టీచర్లకు భయం ఉంటుందని తెలుసు. ఇప్పటికే యాప్‌లతో వేగిపోతున్నవారికి ఇదొక కొత్త పీడ అనిపించవచ్చు. నిజానికి నాసిరకం బెంచీలు పైనుంచి పంపితే సంతకం పెట్టి మాట పడేది హెడ్మాస్టరే. లెక్క గోడ మీద ఉంటే, బడికి ఏం పంపారో, ఎవరు పంపారో ఊరంతా చూస్తుంది.

మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లో తల్లులతో ముగ్గులు వేయించారు, తండ్రులతో తాడు లాగించారు. సరదాగానే ఉంది, కాదనం. అదే రోజు ఒక గంట లెక్కలకివ్వండి. వచ్చిన సొమ్ము, వచ్చిన తేదీ, కొన్న వస్తువు, అది ఇవాళ పనిచేస్తోందా లేదా, ప్రతి తరగతిలో ఎంతమంది తడబడకుండా చదవగలుగుతున్నారు, ఇవన్నీ గోడ మీద పెయింటుతో రాయించి, అందరికీ చదివి వినిపించాలి.

ఇది దయ కాదు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలే. గ్రాంట్లు ఎలా ఖర్చవుతున్నాయో చూడటం ఆ కమిటీ పని. తీర్మానాల పుస్తకం ఇంటికి తెస్తే చదవకుండా సంతకం పెట్టకండి. వచ్చే సమావేశంలో లెక్కల బోర్డు పెట్టాలని తీర్మానం చేయించండి. కాదంటే మండల విద్యాధికారి (ఎంఈఓ) కార్యాలయంలో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. క్యాష్‌బుక్, స్టాక్ రిజిస్టర్, యూసీల నకళ్లు అడగండి. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి, రసీదు మాత్రం తప్పక తీసుకోండి.