పుట్టకముందే తెలిసే గుండెజబ్బు – తల్లిదండ్రుల మనసు

పుట్టే ప్రతి 1000 మంది శిశువులలో సుమారు 8 మందికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుంది. వాటిలో తీవ్రమైనవి అనేకం ఐదో నెలలో చేసే టిఫా స్కాన్‌లోనూ, ఆపైన చేసే ఫీటల్ ఎకోలోనూ తెలుసుకోగలుగుతున్నాము. ఇది మేలే. అయితే ఆ వార్త ఎలా చెబుతున్నామన్నదానిపై వైద్యలోకం తగిన శ్రద్ధ చూపడం లేదని నా అభిప్రాయం.

వరంగల్‌లో స్కాన్ తీసినవారికి అనుమానం వస్తే, నిర్ధారణ కోసం చాలామందిని హైదరాబాదు పంపుతారు. "బిడ్డ గుండెకు రంధ్రమట" అన్న ఒక్క మాట పట్టుకొని ఆ దంపతులు దాదాపు 150 కిలోమీటర్లు ప్రయాణిస్తారు. ఆ ఒక్క మాట చాటున ఎన్ని వేర్వేరు జబ్బులో! తనంతట తానే పూడుకుపోయే చిన్న రంధ్రమూ అదే; పుట్టిన కొద్ది వారాలలోనే శస్త్రచికిత్స చేయవలసిన, పెద్ద ధమనులు తారుమారైన స్థితీ అదే; ఎడమ జఠరిక ఎదగని అతి కఠినమైన లోపమూ అదే. ఏది ఎంత ప్రమాదమో చెప్పకుండా పంపితే, ఎకో జరిగేలోపే భయం పాతుకుపోతుంది.

అప్పటినుండి కడుపులో బిడ్డ కదిలితే తల్లికి దుఃఖం, కదలకపోతే గుబులు. దానికి తోడు ఇంటివారి ఆరాలు: గ్రహణం నాడు బయటకు వచ్చిందా, ఏం తిన్నది, ఏం బరువు మోసింది? గ్రహణానికీ బిడ్డ గుండెకూ ఏ సంబంధమూ లేదు. మేనరికం వల్ల ముప్పు కొంత పెరగవచ్చు గాని, అది తల్లి ఒక్కతె చేసిన నేరం కాదు గదా! అత్యధికులలో స్పష్టమైన కారణమే దొరకదు. ఈ మాట అత్తమామల ఎదుట వైద్యుడే చెప్పాలి.

తండ్రి సాధారణంగా ఖర్చెంత అని మాత్రమే అడుగుతాడు. అది పిసినారితనం కాదు, అతని ఏడుపు ఆ రూపంలో వస్తుంది. పిల్లల గుండె శస్త్రచికిత్సలకు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందనీ, తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగిందనీ తొలిరోజే చెబితే, అతడు మిగతా మాటలు వినగలుగుతాడు.

2021లో సవరించిన చట్టం, శిశువుకు తీవ్రమైన లోపమున్నప్పుడు 24 వారాల వరకు, ఆపైన వైద్యమండలి నిర్ణయంతో, గర్భస్రావానికి వీలు కల్పించింది. కాని ఎకో పూర్తయ్యేసరికి ఆ గడువులో మిగిలేది కొద్ది రోజులే. మొదటి వాక్యం తరువాత చెప్పినదేదీ వారి చెవికెక్కదు. అందుకే రెండు మూడు రోజులకు మళ్లీ పిలవాలి. వీలైతే పిల్లల గుండె వైద్యుడే దంపతులిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాలి. ఉంచుకోమనీ, వద్దనీ ఒత్తిడి చేయరాదు.

గర్భాన్ని కొనసాగిస్తే, తీవ్రమైన లోపాలలో కాన్పు శస్త్రచికిత్స వసతి ఉన్నచోటనే జరగడం మంచిది. అంటే పుట్టింటి పురుడు ఉండదు. ఎన్నో నెలలుగా ఎదురుచూసిన అమ్మమ్మకు అదీ ఒక లోటే. హైదరాబాదులో కూతురి పక్కన ఉండవలసింది ఆమేనని ఆమెను కూడా పిలిచి చెప్పండి.