పచ్చ చుక్క ఉంటే చాలు.. హెల్తీ స్నాకేనా? చిప్స్ ప్యాకెట్ ముందు చెనక్కాయలు ఎందుకు ఓడిపోతున్నాయి?

తిరుపతిలో బస్టాండ్ దగ్గర ఏ కొట్టు చూసినా తోరణాల్లా వేలాడుతూ కనిపించేవి చిప్స్, మిక్చర్ ప్యాకెట్లే. దాదాపు అన్నింటి మీదా పచ్చ చుక్క ఉంటుంది. కొండకు వెళ్లేవాళ్లకు ఆ చుక్క కనిపిస్తే చాలు, ఇంకేం చూడకుండా కొనేస్తారు. కానీ ఆ చుక్క చెప్పేది ఒక్కటే.. ఇందులో మాంసం, చేప, గుడ్డు లాంటివి లేవని. ఉప్పెంత, చక్కెరెంత, ఏ నూనెలో వేయించారు అన్నది దానికి సంబంధం లేని విషయం. ఇప్పుడు కొత్తగా కనిపిస్తున్న 'ప్లాంట్ బేస్డ్', 'వీగన్' అనే మాటలూ అంతే. మైదా, పామాయిల్, చక్కెర.. మూడూ మొక్కల నుంచి వచ్చేవే కదా!

ఈ చర్చ ఇప్పుడెందుకంటే, ప్యాకెట్ తిండి మరింత చవకైంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త జీఎస్టీ రేట్లతో బిస్కెట్లు, చాక్లెట్ల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి పడింది. ప్యాకెట్ మిక్చర్, కారప్పూస లాంటివి 12 నుంచి 5కి వచ్చాయి. సామాన్యుడి ఖర్చు తగ్గింది, కాదనలేం. అయితే 5, 10 రూపాయల ప్యాకెట్ల ధర మార్చడం కష్టమని చాలా కంపెనీలు లోపలి సరుకు బరువు పెంచాయి. అంటే పిల్లాడి చేతిలో ఉన్నది అదే పది రూపాయలు, పొట్టలోకి వెళ్లే ఉప్పూ నూనే మాత్రం కాస్త ఎక్కువ!

విచిత్రం ఏంటంటే, అదే ఏడాది జనవరిలో కేంద్రం పార్లమెంటు ముందు పెట్టిన ఆర్థిక సర్వే ఇలాంటి అల్ట్రా ప్రాసెస్డ్ ఫుడ్ గురించి గట్టిగానే హెచ్చరించింది. దేశంలో వీటి వినియోగం 2006లో 90 కోట్ల డాలర్లు ఉంటే, 2019 నాటికి 3,790 కోట్ల డాలర్లు దాటిందని లెక్క చెప్పింది. పన్ను పెంచే ఆలోచన కూడా అందులో ఉంది. ఎనిమిది నెలలు తిరక్కుండానే బిస్కెట్ పన్ను తగ్గింది. ఒక చేత్తో హెచ్చరిక, ఇంకో చేత్తో డిస్కౌంట్. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2024 మేలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు చూస్తే, మన దేశంలో మొత్తం రోగాల భారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని ఉంది.

ఇక స్కూళ్ల సంగతి. ఏపీలో ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంతో పాటు పిల్లలకు వేరుశనగ చిక్కీ, 2023 మార్చి నుంచి రాగి జావ ఇస్తున్నారు. పథకం పేరు మారింది, ఇప్పుడు డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తోంది. మెనూలో మాత్రం ఆ రెండూ ఉన్నాయి. ఇది మంచి పనే. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలల్లో ఉండేదానికి దాదాపు మూడింతలు. కానీ గేటు దాటగానే పరిస్థితి ఏంటి? స్కూల్ గేటు నుంచి 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లోనే రూల్ పెట్టింది. ఆ రూల్ గురించి కొట్టు నడిపేవాళ్లలో ఎందరికి తెలుసు? మీ ఊరి బడి దగ్గర ఒకసారి చూడండి.

చిత్తూరు మామిడి కథ ఇంకో రకం. 2025 సీజన్‌లో తోతాపురి ధర దారుణంగా పడిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇచ్చేలా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. ఆ కాయ గుజ్జై జ్యూస్ కంపెనీలకు వెళ్తుంది, సీసాలో తిరిగి మన ఊరికే వస్తుంది. ఫ్రూట్ డ్రింక్ అని పేరు పెట్టాలంటే పండు రసం 10 శాతం ఉంటే సరిపోతుందని నిబంధన. మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీళ్లు, చక్కెర. లేబుల్ మీద 100 మిల్లీలీటర్లకు 13 గ్రాముల చక్కెర అని ఉంటే, 200 మిల్లీలీటర్ల ప్యాక్ తాగితే 26 గ్రాములు లోపలికి పోయినట్టే. పెద్దవాళ్లే రోజుకు 25 గ్రాముల లోపు ఉంచుకుంటే మంచిదని డబ్ల్యూహెచ్ఓ మాట. రైతు కాయ అమ్ముకోలేక రోడ్డు మీద పారబోస్తే, ఆ రైతు బిడ్డ సీసా కొనుక్కుని తాగుతాడు!

మరి ఏం తినాలి? మన దగ్గర కొరత లేదు. ఉడకబెట్టిన చెనక్కాయలు, అలసంద గుగ్గిళ్లు, ఉలవ గుగ్గిళ్లు, బొరుగుల్లో పుట్నాలు కలిపి కాస్త ఉల్లిపాయ, నిమ్మరసం. చలికాలం వస్తే అనపకాయలు ఉండనే ఉన్నాయి. పితికి పప్పు చేయగా మిగిలిన గింజల్ని ఉప్పేసి ఉడకబెడితే ఇంట్లో గిన్నె ఖాళీ అయిపోతుంది. 30 గ్రాముల చెనగ్గింజల్లో 7 గ్రాముల వరకు ప్రోటీన్ ఉంటుంది. అదే బరువు ఆలూ చిప్స్‌లో 2 గ్రాములే. చెనక్కాయలోనూ కొవ్వు ఎక్కువే, కేలరీలూ ఎక్కువే. అందుకే గుప్పెడు చాలు, పొట్లాలకు పొట్లాలు వద్దు.

అలాగని నాటుది అన్నదల్లా మంచిదే అనుకోవద్దు. మిరపకాయ బజ్జీ కూడా శాకాహారమే, మాడిన నూనెలో నాలుగోసారి వేయిస్తే చిప్స్ కన్నా నయం ఏమీ కాదు. బెల్లం కూడా చక్కెరే, షుగర్ ఉన్నవాళ్లు చిక్కీని తీపి కిందే లెక్కేసుకోవాలి. 'రాగి బిస్కెట్', 'మల్టీగ్రెయిన్' అని పెద్దక్షరాలు కనిపిస్తే ప్యాకెట్ వెనక్కి తిప్పండి. పదార్థాలు ఎక్కువ బరువున్న దాని నుంచి తక్కువ దాని వరకు వరసగా రాయాలన్నది రూల్. మొదట మైదా, తర్వాత చక్కెర, పామాయిల్ ఉండి రాగులు ఎక్కడో చివర్లో ఉన్నాయంటే మీరు కొంటున్నది మైదా బిస్కెట్టే.

ఈ వివరాలు ముందు వైపే పెద్దగా కనిపించేలా వేయాలన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 ఏప్రిల్‌లో కోర్టు మూడు నెలల్లో తేల్చమంది, ఆ తర్వాత గడువు పెరిగింది. స్టార్ రేటింగ్ ఇవ్వాలన్నది 2022 నాటి ఎఫ్ఎస్ఎస్ఏఐ ముసాయిదా. స్టార్లు కాదు, ఉప్పు ఎక్కువ, చక్కెర ఎక్కువ అని సూటిగా హెచ్చరిక వేయాలన్నది ఆరోగ్య సంఘాల వాదన. రెండోదే నయం అనిపిస్తుంది. చిప్స్‌కు రెండు స్టార్లు వేసినా కొనేవాడికి అది మెచ్చుకోలులాగే కనిపిస్తుంది.

చెనక్కాయలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, చేదుగా తగిలినవి పారేయండి. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, కాలేయానికి అది మంచిది కాదు. నాలుగేళ్ల లోపు పిల్లలకు గింజలు గింజలుగా పెట్టొద్దు, గొంతులో అడ్డం పడతాయి. మెత్తగా పొడి కొట్టి అన్నంలోనో జావలోనో కలిపి పెట్టండి.