అమ్మినవాని మొలలో తాళపుచెవి

కొన్న వస్తువు కొన్నవానిదే యనుట న్యాయశాస్త్రమున మొదటి పాఠము. ధర చెల్లించి, రసీదు పుచ్చుకొని, యింటికి దెచ్చుకొనిన పిమ్మట నమ్మినవాని పెత్తనము దానిపై చెల్లదు. అట్లయ్యు నేటి విద్యుత్పరికరముల విషయమున నీ పాఠము తలక్రిందులగుచున్నది. వస్తువు మన యింటనుండును. దానిని బాగుచేయు విద్య మాత్రము కంపెనీవారి పెట్టెలో నుండును. ఈ యన్యాయమును స్పష్టముగా జూపు వస్తువొకటి గలదు. అదియే తనంతట తాను వాయించుకొను పియానో.

ఈ వాద్యము నిన్న మొన్నటిది కాదు. 1895లో అమెరికాలో ఎడ్విన్ వోటీ యనునతడు పియానోలా యను యంత్రమును నిర్మించెను. మన హార్మోనియమునకు వలెనే దానికిని తిత్తులే ప్రాణము. మనుష్యుడు కాళ్లతో తొక్కుచుండ, రంధ్రములు పొడిచిన కాగితపు చుట్ట తిరుగుచుండును. ఏ రంధ్రము వచ్చిన నా మెట్టు పలుకును. 1908లో తయారీదారులు బఫెలో నగరమున సమావేశమై 88 మెట్ల చుట్టకు 11¼ అంగుళముల వెడల్పును, అంగుళమునకు 9 రంధ్రములను కొలతగా నేర్పరచుకొనిరి. అంతట నొక కంపెనీ చుట్ట వేరొక కంపెనీ వాద్యముపై నాడజొచ్చెను. తిత్తి చినిగిన గుడ్డ వేయవచ్చును. గొట్టము పగిలిన రబ్బరు మార్చవచ్చును. నూరేండ్లు దాటిన పియానోలాలు కొన్ని నేటికిని మ్రోగుచున్నవన్న, వాని నిర్మాణమున గుట్టు లేకపోవుటయే ముఖ్యకారణము.

తరువాత తిత్తుల స్థానమును విద్యుదయస్కాంతము లాక్రమించెను. 1987లో అమెరికా విపణికి వచ్చిన యమహా డిస్క్‌లావియర్ నందు కాగితపు చుట్టకు బదులు ఫ్లాపీ వచ్చెను. ప్రతి మెట్టు వెనుక కొనను క్రిందినుండి పైకి తన్నుటకొక విద్యుదయస్కాంతము, దాని కాజ్ఞ లిచ్చుటకు బోర్డులు అమరినవి. వాద్యముల నడుమ సంగీతమును చేరవేయు మిడి భాష 1983లోనే లోకమునకు వెల్లడియైనది. ఆ భాష నర్థము చేసికొని మెట్లను కదిలించు బోర్డుల పటములు మాత్రము సామాన్యునకు దొరకవు.

చెడిన వాద్యమును పరీక్షించుట బ్రహ్మవిద్యయా? కాదు. మొదట ఫ్యూజును, తీగలను చూడవలెను. పలుకని మెట్టును చేతితో నొక్కిన పలికెనా, దోషము పియానోలో లేదు, విద్యుద్భాగములో నున్నది. చేతికిని బరువుగా నున్నచో తేమకు కొయ్య యుబ్బియుండవచ్చును. ఒక్క మెట్టే మూగవోయిన దాని విద్యుదయస్కాంతమునో, దానిని నడపు ట్రాన్సిస్టరునో యనుమానింపవలెను. వరుసగా కొన్ని మెట్లు మూగవోయిన వానిని నడపు బోర్డును, దాని తీగలను చూడవలెను. దీపము వెలుగుచు నొక్క మెట్టైనను కదలనిచో విద్యుత్సరఫరా భాగమున ముసలివైన కెపాసిటర్లను పరీక్షింపవలెను. వివేకము గల పనివానికి పటమొక్కటి చేతికిచ్చిన నిదియంతయు సాధ్యమే.

కాని కంపెనీవారి సాంకేతిక సహాయమున కేగిన గృహస్థునకు జరుగు మర్యాద యెట్టిది? ప్లగ్గు తీసి మరల పెట్టుమందురు. పెట్టితి ననిన, క్రమసంఖ్య చెప్పుమందురు. చెప్పిన, మరియొకరికి నప్పగింతురు. ఆయన మొదటి ప్రశ్నయే మరల నడుగును. తుదకు వచ్చు తీర్పేమనగా, ఈ నమూనా తయారీ నిలిచినది, భాగములు లేవు, క్రొత్తది కొనుడు! స్వల్పపు ధర గల కెపాసిటరు కొరకు లక్షల విలువ గల వాద్యమును మూలబెట్టుమనుట సహాయమా? ఫోను పట్టిన గుమాస్తాపై మాకు కోపము లేదు. ఆతని చేతికిని పటము నీయనివారిపైననే మా యభియోగము.

తెలియనివారు తాకిన ప్రమాదమని కంపెనీవారు వాదింతురు. నిజమే, ప్లగ్గు తీసిన పిమ్మటను కెపాసిటరు కొంతసేపు విద్యుత్తును దాచుకొనును. అట్లైన నా హెచ్చరికను పటముతోబాటు ముద్రింపవలెను గాని పటమునే దాచుట యేమి నీతి? వ్యాపార రహస్య మందురు. తామే తయారు మానుకొనిన వస్తువున నింకేమి రహస్యము మిగిలియున్నది?

శాసనము యంత్రమునకు తగినట్లు మారదనువారు పియానో చరిత్రనే చదువవలెను. 1908లో అమెరికా సుప్రీంకోర్టు, వైట్‌స్మిత్ వ్యాజ్యమున, చుట్టపై రంధ్రములు సంగీతపు ప్రతి కాదని తీర్పు చెప్పెను. మరుసటి యేటనే కాంగ్రెసు చట్టము మార్చి స్వరకర్తకు చుట్టకు 2 సెంట్లు చొప్పున నిప్పించెను. అంతటితో నాగక, చుట్టల వ్యాపారమంతయు నొక్క కంపెనీ పాలు గాకుండుటకై, ఒకరికి యనుమతి యిచ్చిన గీతమును ఆ రుసుము చెల్లించు నితరులును వాడుకొనవచ్చునని విధించెను. నాడు గుత్త నరికట్టిన శాసనము నేడేల చేతులు ముడుచుకొనవలెను?

కదలిక లేకపోలేదు. కాలిఫోర్నియా చట్టము 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చెను. నూరు డాలర్లు, అంతకు మించిన విలువ గల పరికరములకు, తయారీ నిలిచిన పిమ్మట ఏడేండ్లు భాగములును, పత్రములును ఈయవలెనని యది శాసించుచున్నది. కాని 2021 జూలై 1కి పూర్వమే అమ్మకమునకు వచ్చిన నమూనాలకు దాని నీడ సోకదు. అరువదేండ్లు నిలువగల పియానోకు ఏడేండ్ల రక్షణ యేమూలకు? మన దేశమునను 2022లో కేంద్రప్రభుత్వము మరమ్మతు హక్కుపై సంఘము నియమించి నాలుగు రంగముల నేర్కొనెను: వ్యవసాయ పరికరములు, సెల్‌ఫోనులు, గృహోపకరణములు, మోటారు వాహనములు. వాద్యములకు వానిలో చోటు లేదు.

కావున మేము కోరునది స్వల్పము. తయారీ నిలిపిన నాడే పటములను, మరమ్మతు గ్రంథమును, బోర్డులోని యాజ్ఞాక్రమమును బహిరంగపరుపవలెను. వస్తువు బ్రతికియున్నంత కాలము దానిని బాగుచేయు హక్కు కొన్నవానికి, అతడు పిలిచిన పనివానికి నుండవలెను. సోదరులారా, అమెరికాలో నున్నను ఆంధ్రదేశమున నున్నను, విలువైన యంత్రమును కొనబోవునపుడు ధర నడుగుటకు ముందు దాని మరమ్మతు గ్రంథ మెక్కడ దొరకునని యడుగుడు. లేదన్న యంగడి మెట్లు దిగిరండు. శాసనసభ మేల్కొనక మునుపే వర్తకుడు మేల్కొనును.