దుబాయ్ ఎన్ని గంటల దూరం?

మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి వీసా కోసం మొక్కుకునేవాళ్లు ఎందరో. కోరిక తీరితే 108. ఆ తర్వాత మొదలవుతుంది అసలు లెక్కల చిక్కు.

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఆకాశమార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. ఉదయం 10కి బయల్దేరే విమానం మధ్యాహ్నం 12.30కి దిగుతుందని టికెట్‌లో ఉంటుంది. 'రెండున్నర గంటలేగా' అనుకుని ఇంట్లోవాళ్లు ఫోను ముందు కూర్చుంటారు. ఒంటిగంట దాటినా మోగదు. అమ్మ గుండెల్లో రాయి పడుతుంది!

కంగారేం లేదు. దుబాయ్ గడియారం మనకన్నా గంటన్నర వెనక. ప్రయాణం నిజానికి నాలుగు గంటలు. తిరుగు టికెట్‌లో ఐదు గంటల తేడా కనిపించినా, పట్టేది మూడున్నరే. పైన పడమటి నుంచి వీచే గాలులు వెనక నుంచి తోస్తాయి మరి. చలికాలంలో ఇంకాస్త జోరుగా.

చేవెళ్లవాళ్లు మాత్రం ఇంకో లెక్క వేసుకోవాలి. శంషాబాద్ విమానాశ్రయంలో మూడు గంటల ముందే ఉండాలి. దారిలో మర్రిచెట్ల బీజాపూర్ రోడ్డు, దాని మీద లారీలు. పది గంటల విమానానికి అయిదున్నరకే ఇల్లు కదలడం మేలు. క్షేమంగా దిగానన్న ఫోను మన మధ్యాహ్నం రెండు దాటాకే.